ట్రంకు రోడ్డు సందులో ప్రింటింగ్ షాపు: డిజైన్ ఉద్యోగాలకి పోర్ట్‌ఫోలియో తీయించుకునేవాళ్ళ కోసం నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా, ఆ అర ఎందుకు తగ్గించానో కింద రాస్తా. పెళ్లి కార్డులకి, బిల్ బుక్కులకి ఈ షాపు ఎట్టుంటుందో ఇప్పటికే చాలామంది రాసేశారు, నేను రాసేది వేరే. నాలాగ గ్రాఫిక్ డిజైన్ ఉద్యోగాలకి అప్లై చేస్తా, పోర్ట్‌ఫోలియో (చేసిన పనులన్నీ చూపించే పుస్తకం) యాడ ప్రింట్ తీయించాలిరా దేవుడా అని నెల్లూరంతా తిరిగే స్టూడెంట్స్ కోసం రాస్తున్నా. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే నాకు ఇవన్నీ ఎవరూ చెప్పలా, చెప్పుంటే రెండు నెలలు, డబ్బులు రెండూ మిగిలేవి.

నాది కడపలో బీఎఫ్ఏ, అప్లైడ్ ఆర్ట్ ఆఖరి సంవత్సరం. ఇల్లు వేదాయపాళెం. సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చినప్పటి నుంచీ అప్లికేషన్ల పనిలో పడ్డా. చెన్నై, హైదరాబాద్, బెంగళూరు, జూనియర్ డిజైనర్ అని యాడ కనపడితే ఆడికి రెజ్యూమె, బిహాన్స్ (డిజైనర్లు తమ పని పెట్టుకునే వెబ్‌సైట్) లింకు పంపడమే. ముప్పైకి పైనే పంపుంటా. మూడు చోట్ల నుంచి జవాబొచ్చింది, అందులో చెన్నైలో ఒక ప్యాకేజింగ్ స్టూడియో వాళ్ళు నేరుగా రమ్మన్నారు, వచ్చేటప్పుడు చేసిన పని ప్రింట్‌లో పట్టుకురమ్మన్నారు. ప్రింట్ అనేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలా. నాలుగేళ్ళలో చేసిందంతా స్క్రీన్ మీదే చూసుకున్నా, సబ్మిషన్లకి తీసిన కలర్ జిరాక్సులు తప్పితే నా పని కాయితం మీద ఎట్టుంటుందో నాకే తెలీదు.

ముందు వేరే చోటికి పోయా, పేరు రాయను. పెన్‌డ్రైవ్ ఇస్తే గ్లాసీనా మ్యాటా అని ఒక్కటే అడిగారు, గ్లాసీ అన్నా, ఇరవై నిమిషాల్లో చేతిలో పెట్టారు, 850 అయింది. ఇంటికొచ్చి మంచం మీద పరుచుకుని చూస్తే ఏడుపొచ్చింది. నేను వేసిన నీలం ఊదా అయిపోయింది, దర్గా పచ్చ అని ముచ్చటపడి పెట్టుకున్న ఆకుపచ్చ పాచి రంగులోకి దిగింది, పేజీ నంబర్లు సగం సగం కోతలో పోయినయ్, రెండు పేజీలకి ఒక పక్కన సన్నటి తెల్ల గీత. మా నాన్న బాగానే ఉంది కదమ్మా అన్నాడు. బాగా లేదని నాకు తెలుసు, ఎందుకు బాగా లేదో మాత్రం తెలీదు. ఆ రెండోదే నన్ను ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే డిజైనర్ ఉద్యోగానికి పోయేదాన్ని నేను.

ఈ షాపుకి ఎట్ట వచ్చానంటే మా మామ కొడుకు పెళ్లి కార్డు ఇక్కడే వేయించారు, ఆ కార్డు మీద అక్షరాలు శుభ్రంగా ఉన్నాయని గుర్తుంది. ట్రంకు రోడ్డు మీద నుంచి సందులోకి తిరిగి ఇరుకు మెట్లెక్కితే పైన ఉంటుంది, బోర్డు చిన్నది, కింద ఎలక్ట్రికల్ షాపు చూసుకోండి. లోపల రెండు కంప్యూటర్లు, ఒక డిజిటల్ ప్రింటింగ్ మెషీను, వెనక గదిలో కటింగ్ మెషీను, లామినేషన్, బైండింగ్ బల్ల. ఆఫ్‌సెట్ పని, అంటే వేల కాపీలు ప్లేట్లతో కొట్టేది, బయట చేయించుకొస్తారు. కంప్యూటర్ దగ్గర కూర్చునేది ఒక అన్న, నలభై ఐదుంటాయేమో, పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ కాలం నుంచీ ఇదే పని. వెనక బైండింగ్ చేసే తాత ఇంకా పాత మనిషి.

పోగానే అన్న ‘ఏం పాపా, విజిటింగ్ కార్డా?’ అన్నాడు. పోర్ట్‌ఫోలియో అన్నా. వెంటనే ప్రింట్ కొట్టలా. ఫైల్ తెరిచి పేజీ పేజీ చూస్తా పోయాడు, నేను తెచ్చిన పాడైపోయిన కాపీ పక్కన పెట్టుకుని, ఐదు నిమిషాలు ఏం మాట్లాడకుండా. తర్వాత ఒక్క మాట, ‘ఇది స్క్రీన్‌కి చేశావు పాపా, కాయితానికి చేయలా.’

నా ఫైలంతా ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కలో ఉంది. ప్రింట్‌కి వాడే సీఎంవైకే (సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, ఎల్లో, నలుపు) గురించి క్లాసులో చెప్పలేదని కాదు, సెకండ్ ఇయర్‌లో పరీక్షలో రాశా కూడా. కానీ స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాయితం మీద నాలుగు రంగుల పొడి, అంతే, వెలుతురులో ఉన్న ఆ మెరుపు ఆకుపచ్చ, ఆ కరెంటు నీలం ఈ నాలుగు కలిపి పుట్టించలేం అనేది చేత్తో పట్టుకుని చూసిందాకా బుర్రకెక్కలా. అన్న చేసింది ఏందంటే నా నీలాన్ని ఆరు రకాలుగా చిన్న చిన్న గళ్ళు చేసి ఒకే షీటు మీద కొట్టాడు. సయాన్ 100, మెజెంటా 100 ఉన్న గడి చూస్తే పక్కా ఊదా. మెజెంటా 90, 80, 70 అని తగ్గించుకుంటా పోతే 65 దగ్గర అసలైన నీలం వచ్చింది. మెజెంటా సయాన్ కన్నా కనీసం ముప్పై తక్కువ ఉంచుకో, నీలం నీలంగా ఉంటుంది అన్నాడు. ఆ షీటు ఇప్పటికీ నా టేబుల్ పైన గోడకి అంటించి ఉంది. ఆకుపచ్చకి మాత్రం ఏం చేయలేమన్నాడు, ఆ మెరుపు రాదు, రాని రంగు కోసం కొట్టుకోకుండా వచ్చే రంగుల్లో మంచిది ఏరుకోమన్నాడు. సయాన్ 85, ఎల్లో 90, కొద్దిగా నలుపు. ముదురుగా, నిండుగా వచ్చింది, ఇప్పుడు నాకు అదే ఎక్కువ నచ్చింది.

తెల్ల గీత, తెగిపోయిన పేజీ నంబర్ల సంగతి బ్లీడ్, అంటే కోత గీత దాటి బయటికి వదిలే రంగు. ఏ4 అంటే 210కి 297 మి.మీ., నేను సరిగ్గా అంతే సైజులో ఫైల్ చేశా. కత్తి వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా కింద తెల్ల కాయితం కనపడుద్ది. నాలుగు పక్కలా 3 మి.మీ. రంగు బయటికి పోనివ్వాలి, అంటే ఫైలు 216కి 303. అట్టాగే అక్షరాలు, నంబర్లు అంచుకి ఐదారు మి.మీ. లోపలికి జరపాలి. ఇది డిజైన్ చదివే ప్రతి ఒక్కరూ విన్నదే. నేనూ విన్నా. విన్నదాన్ని ఫైల్‌లో పెట్టడానికి ఆ అన్న పక్కన కూర్చోవాల్సి వచ్చింది.

ఇప్పుడు నాకు ఎక్కువ ఇష్టమైన సంగతి రాస్తా, తెలుగు అక్షరాల సంగతి.

నా పోర్ట్‌ఫోలియోలో మెయిన్ ప్రాజెక్టు రొట్టెల పండుగకి దారి చూపించే బోర్డులు, గుర్తులు. నెల్లూరోళ్ళకి చెప్పక్కర్లా, మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగేది. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్ళు పుచ్చుకుంటారు, విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, వివాహ రొట్టె, ఆరోగ్య రొట్టె, ఒక్కో దానికి చెరువులో ఒక్కో చోటు. కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి, మహారాష్ట్ర నుంచి కూడా వస్తారు, తెలుగు చదవడం రాని వాళ్ళు ఏ రొట్టె యాడ అని ఆ జనంలో అడుక్కుంటా తిరగడం చిన్నప్పటి నుంచీ చూశా. అందుకే ప్రతి రొట్టెకి ఒక గుర్తు గీశా, రొట్టె గుండ్రం లోపలే బొమ్మ వచ్చేట్టు, కింద మూడు భాషల్లో పేరు. నాలుగేళ్ళలో నేను మనసు పెట్టి చేసింది ఇదొక్కటే అనుకోండి.

ఆ ప్రాజెక్టు మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ‘స్వర్ణాల చెరువు’ అని ఉండాలి. అన్న స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాడు, అక్కడ ఉన్నది ‘స్‌వర్‌ణాల చెరువు’. వత్తులు కిందికి దిగకుండా పొల్లు పెట్టుకుని పక్కపక్కన నిలబడి ఉన్నయ్. నేను ఆ పేజీని వంద సార్లు చూసుంటా, నా కంటికి ఆనలా. ‘మన ఊరి చెరువు పేరు పాపా ఇది’ అన్నాడు, తిట్టినట్టు కూడా కాదు, నెమ్మదిగానే. నాకు తల కొట్టేసినట్టయింది. కడప కాలేజీలో మాస్టర్లు కూడా చూశారు ఆ పేజీ, బిహాన్స్‌లో పెట్టి రెండు నెలలైంది, ముప్పై కంపెనీలకి పంపా. తెలుగు తెలిసిన ఏ ఆర్ట్ డైరెక్టర్ చూసినా అక్కడే మూసేసుంటాడు.

ఇది సెట్టింగ్ సంగతి, తెలుసుకోండి. కొన్నేళ్ళ కిందటి ఫొటోషాప్ వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికి పోతే టెక్స్ట్ ఇంజన్ ఆప్షన్ ఉంటుంది, మరీ పాతవాటిలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని, ఆ తర్వాతవాటిలో వరల్డ్ రెడీ లేఅవుట్ అని. అది ఆన్ చేస్తేనే వత్తులు, గుడులు సరిగ్గా కూర్చుంటాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి. ఇంక్‌స్కేప్‌లో ఏమీ మార్చకుండానే తెలుగు సరిగ్గా వస్తుంది, ఉచితం కూడా, సాఫ్ట్‌వేర్ కొనలేని వాళ్ళు దాంట్లో టైటిల్ చేసి తెచ్చి పెట్టుకోవచ్చు. ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గిడుగు, ఎన్టీఆర్ లాంటివి ఉచితంగా ఉన్నాయి. నేను టైటిల్స్‌కి రామభద్ర, లోపల చదివేదానికి మండలి పెట్టా. అన్న వాడేది అను ఫాంట్లు, అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనపడే పద్ధతి) కావు, అందులో కొట్టింది అను లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు కనపడదు, ఏవేవో ఇంగ్లీషు గుర్తులు కనపడతాయి. అందుకే మీ ఫైల్ ఓపెన్ ఫైల్‌గా ఇవ్వబాకండి, ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్‌లోనే కలిపేసిన) పీడీఎఫ్ ఇవ్వండి, టైటిల్స్ అయితే అవుట్‌లైన్స్‌గా, అంటే అక్షరాల్ని గీతల బొమ్మలుగా మార్చి ఇచ్చినా మంచిదే. ఇంకో మాట, నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ప్రెస్సుల్లో, చిన్న పత్రికల్లో ఉద్యోగానికి పోతే అను వచ్చా, పేజ్‌మేకర్ వచ్చా అనే అడుగుతారు, అది చిన్నచూపు చూడకుండా ఒక వారం కూర్చుని నేర్చుకుంటే పోయేదేం లేదు.

ఇక నలుపు. నా చిన్న అక్షరాలన్నీ ఆర్‌జీబీ నలుపు, అది సీఎంవైకేలోకి మారేటప్పుడు నాలుగు రంగుల కలయిక అవుతుంది. అన్న డ్రాయరులోంచి భూతద్దం తీసి ఇచ్చాడు, నా పాత ప్రింట్ మీద పెట్టి చూడమన్నాడు. ‘ట్టె’ అనే అక్షరం. టకి కింద ట వత్తు, పైన ఎత్వం, ఎనిమిది పాయింట్ల సైజు. అద్దంలో చూస్తే వత్తు లోపలి ఖాళీ మూసుకుపోయి ఉంది, అంచున ఒక పక్క ఎర్రగా, ఇంకో పక్క నీలంగా సన్నటి నూగు. నాలుగు రంగులు ఒకదాని మీద ఒకటి వెంట్రుకంత తేడాతో పడ్డాయన్న మాట. ఇంగ్లీషు అక్షరాల్లో ఇది అంత తెలీదు, మన అక్షరాల్లో చిన్న చిన్న గుండ్రాలు ఎన్నో, అన్నీ పూడిపోతాయి. అదే పదాన్ని ఒట్టి నలుపు 100, మిగతా మూడూ సున్నా పెట్టి, పదిన్నర సైజుకి పెంచి, లైన్ల మధ్య ఎడం పెంచి కొట్టాడు. మళ్ళీ అద్దం పెట్టి చూస్తే వత్తు లోపల తెల్లటి కాయితం చుక్కంత కనపడింది. చెప్తే చిన్న విషయంలాగ ఉంటుంది, ఆ తెల్ల చుక్క చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకోరకంగా చెప్పలేను. అప్పటి నుంచి తెలుగుకి లైన్ల మధ్య ఎడం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు తగ్గనివ్వను, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడుల్ని గుద్దుకుంటాయి.

రెండో రోజు బాక్స్ సంగతి. నా ఇంకో ప్రాజెక్టు ఉదయగిరి చెక్క గరిటెలకి ప్యాకేజింగ్. ఉదయగిరి మన జిల్లాలోదే, చెక్కతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చేతిపనిగా చేస్తారు, చాలావరకు ఆడవాళ్ళే చేస్తారు. ఆ బాక్స్‌ని నేను ఇంటర్నెట్లో దొరికే ఉచిత మాకప్‌లో (నిజం వస్తువులాగ చూపించే రెడీమేడ్ బొమ్మలో) పెట్టి పేజీ నిండా చూపించా, వెనక ఆకులు, నీడలు, బ్రహ్మాండంగా ఉంది. అన్న అడిగాడు, ‘ఇది నిజంగా చేశావా, బొమ్మేనా?’ బొమ్మే అన్నా. ‘ప్యాకేజింగ్ ఉద్యోగానికి పోతా బాక్స్ చేయకుండా పోతే ఎట్ట?’

నిజమే కదా. ఆ రోజే డైలైన్ గీశా, అంటే బాక్స్ విప్పదీస్తే వచ్చే ఆకారం, నాలుగు గోడలు, పైనా కిందా మూతలు, అంటించే పట్టీ. 300 జీఎస్ఎం (కాయితం మందం కొలిచే లెక్క, చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని) ఆర్ట్ కార్డ్ మీద కొట్టిస్తే, తాత స్కేలు పెట్టి మడతల దగ్గర క్రీజు (నొక్కు గీత) వేసిచ్చాడు, క్రీజు లేకుండా మడిస్తే రంగు పగిలి తెల్లగా చారలొస్తాయంట. మడిచి నిలబెడితే పై మూత మీద రాత తలకిందులుగా ఉంది. పరిచినప్పుడు నిటారుగా కనపడింది మడిచాక తిరగబడుతుందని నాకు తట్టలా. రెండోసారి అది సరిచేస్తే అంటించిన పట్టీ రాత్రికి ఊడిపోయింది, ఎందుకంటే ఆ పట్టీ మీద కూడా రంగు వేసి, లామినేషన్ చేయించా, గమ్ పట్టుకోదు దాని మీద, ఆ జాగా ఒట్టి కాయితంగా వదిలేయాలి. మూడోసారి అన్నీ సరిపోయాక అన్న ‘గరిటె తెచ్చావా?’ అన్నాడు. తేలా. ఇంటికి పోయి మా అమ్మ దగ్గరున్న ఉదయగిరి గరిటె తెస్తే పొడుగు సరిపోయింది కానీ గరిటె తల దిగలా, ఆ గుంట లోతు నేను కొలవలేదు, పిడి మందమే కొలిచా. తాత నవ్వి ‘గరిటె చేసినోళ్ళు దాన్ని కూరలోకి చేశారు తల్లీ, నీ బాక్సులోకి కాదు’ అన్నాడు. నాలుగోది సరిగ్గా వచ్చింది. గరిటె లోపల పెట్టి మూత వేసి ఊపితే కదలకుండా కూర్చుంది.

బైండింగ్‌కి వస్తే నేను సెంటర్ పిన్ (మధ్య మడత మీద పిన్నులు కొట్టేది) అడిగా, మ్యాగజైన్ లాగ ఉంటుందని. సెంటర్ పిన్‌కి పేజీలు నాలుగుతో భాగించబడాలి, నావి 22, అంటే రెండు ఖాళీ పేజీలు రావాలి. పర్‌ఫెక్ట్ బైండింగ్ (వీపు దగ్గర గమ్‌తో అంటించేది) అయితే మధ్యలో ఒక సెంటీమీటరు దాకా లోపలికి పోయి కనపడదు, రెండు పేజీలకి పరుచుకున్న నా చెరువు బొమ్మ నడుం విరుగుద్ది. తాత వైరో (పక్కన కన్నాలు పెట్టి తీగ చుట్టేది) వేయించుకోమన్నాడు, టేబుల్ మీద పెడితే పేజీ దానంతటదే చదునుగా పడుకుంటుంది, ఎదురుగా ఉన్న మనిషి పేజీ పట్టుకోనక్కర్లేదు, రేపు ఒక పని మార్చాలంటే ఆ ఒక్క షీటు మార్చి మళ్ళీ వేసుకోవచ్చు. ఉద్యోగానికి పోయేవాళ్ళకి ఈ ఆఖరి కారణం చాలు, ఎందుకంటే ఒక్కో చోటికి ఒక్కో రకంగా పేజీలు సర్దుకోవాలి. ప్యాకేజింగ్ వాళ్ళ దగ్గరికి బాక్సులు ముందు, సోషల్ మీడియా ఏజెన్సీకి పోస్టర్ల సెట్లు ముందు, పబ్లిషింగ్ వాళ్ళకి పేజీ లేఅవుట్లు ముందు.

రెజ్యూమె కూడా ఇక్కడే తీయించా. ఈ అన్న రోజూ ఎన్నో రెజ్యూమెలు ప్రింట్ కొడతాడు కాబట్టి ఆయన చూపు వేరేగా ఉంటుంది. నేను ఫొటోషాప్ 90 శాతం, ఇల్లస్ట్రేటర్ 85 శాతం అని గీతలు పెట్టా. ‘ఎవరు కొలిచారు పాపా ఇది?’ అన్నాడు. తీసేసి దేంతో ఏం చేశానో ఒక్కో లైన్ రాశా, అది చదివేవాళ్ళకి పనికొస్తుంది. ఒకటే పేజీ, పైన పేరు, ఫోన్, పోర్ట్‌ఫోలియో లింకు, ఆ తర్వాతే మిగతావి. పదమూడు ప్రాజెక్టులని ఏడుకి దించా, మొదటి సంవత్సరం లోగోలు, ఎవరికీ అక్కర్లేని సినిమా పోస్టర్ ఫ్యాన్ ఆర్టులు తీసేశా. ప్రతి దానికీ సమస్య ఏంది, నేను చేసిన భాగం ఏంది, చేత్తో గీసిన స్కెచ్‌లు, ఆఖరి పని, ఈ వరసలో పెట్టా. కాలేజీ ప్రాజెక్టు అయితే కాలేజీ ప్రాజెక్టు అని రాయండి, నిజమైన క్లయింటు అన్నట్టు చూపించబాకండి, రెండు ప్రశ్నలకే బయటపడుద్ది. మెయిల్‌లో పంపే పీడీఎఫ్ వేరే చేసుకోవాలి, ప్రింట్ ఫైల్ పంపకూడదు, నా ప్రింట్ ఫైల్ 140 ఎంబీ ఉంది, జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ 25 ఎంబీ దాటితే పోదు, నేను ఆర్‌జీబీలోనే 8 ఎంబీకి తెచ్చి పెట్టుకున్నా. డ్రైవ్ లింకు పెడితే వేరే ఫోన్లో నుంచి తెరిచి చూసుకోండి, పర్మిషన్ అడిగే లింకుని ఎవరూ రెండోసారి తెరవరు.

చెన్నైకి పొద్దున ట్రైన్‌లో పోయా. అక్కడ ఇద్దరు కూర్చున్నారు, ఒకామె పుస్తకం తిప్పింది, రొట్టెల పండుగ గుర్తుల దగ్గర ఆగి, ఉద్యోగ రొట్టెకి ఈ బొమ్మే ఎందుకు అని అడిగింది, చెప్పా. ఆ తర్వాత బాక్స్ చేతిలోకి తీసుకుని మూత తీసి, వేసి, గరిటె బయటికి తీసి మళ్ళీ పెట్టింది. ఇది ఎన్నోసారికి వచ్చింది అంది. నేను ఫోల్డర్ వెనకాల చదును చేసి పెట్టుకున్న ముందు మూడు బాక్సులు తీసి చూపించా, ఏది ఎందుకు పాడైందో చెప్పా. ఇంటర్వ్యూలో సగం సేపు ఆ మూడు పాడైన వాటి గురించే మాట్లాడాం. టెస్ట్ టాస్క్ ఇచ్చారు, చేసి పంపా, జవాబు రావాల్సి ఉంది. వచ్చినా రాకపోయినా ఆ గదిలో నన్ను అడిగినవాటికి తడబడకుండా చెప్పగలిగా, అది ఈ షాపులో నాలుగు రోజులు నిలబడినందువల్లే.

ఖర్చు చెప్తా, మీకు లెక్క ఉంటుంది. 170 జీఎస్ఎం ఆర్ట్ పేపర్ మీద కలర్ పేజీకి 15 చొప్పున, కవర్లు రెండూ కలిపి 24 పేజీలకి 360, వైరో 90, కవర్లకి బోర్డు, మ్యాట్ లామినేషన్ కలిపి 70, బాక్సుల షీట్లు నాలుగు 160. మొత్తం 680. రంగుల టెస్ట్ షీటుకి డబ్బులు తీసుకోలా, నేను ఇవ్వబోయినా వద్దన్నాడు. ఆఖరి రోజు మలైకాజా తీసుకుపోయి ఇచ్చా, తాత షుగరని ఒక్కటే తిన్నాడు.

అర పాయింట్ ఎందుకు తగ్గించానంటే, ముహూర్తాల సీజన్‌లో పోతే మిమ్మల్ని పట్టించుకునే తీరిక ఉండదు. నేను మూడో రోజు పోయినప్పుడు పెళ్లి కార్డుల వాళ్ళు ఎనిమిది మంది నిలబడి ఉన్నారు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా ఒక్క షీటు కోసం కూర్చున్నా, కూర్చోను కుర్చీ కూడా ఒక్కటే. కవర్ లామినేషన్‌లో ఒక మూల బుడగ వచ్చింది, చెప్తే మళ్ళీ చేసిచ్చారు కానీ అది నేను చూసి చెప్తేనే. ఇంకోటి, ఫోన్ చేస్తే రేటు చెప్పరు, రమ్మంటారు, బుచ్చి నుంచో కావలి నుంచో వచ్చేవాళ్ళకి అది ఇబ్బందే. అక్కడి కంప్యూటర్లలో పెన్‌డ్రైవ్ పెట్టి తెచ్చాక ఇంట్లో వైరస్ స్కాన్ చేసుకోండి, రోజూ వంద పెన్‌డ్రైవ్‌లు పెట్టే చోటది.

పోయేవాళ్ళు పొద్దున పదిన్నరకల్లా పోండి, అప్పుడు ఖాళీగా ఉంటాడు. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపబాకండి, సైజు తగ్గిపోయి మసకబారుతాయి, డాక్యుమెంట్‌గా పంపండి లేదా పెన్‌డ్రైవ్ పట్టుకుపోండి. ఏ4 నిండా వచ్చే ఫొటో కనీసం 2480కి 3508 పిక్సెల్స్ ఉండాలి. ఇంటర్వ్యూ రేపనగా ఈ రోజు పోవద్దు, కనీసం వారం ముందు పోండి, ముందు ఒక్క పేజీ కొట్టించి పగటి వెలుతురులో, బయట మెట్ల దగ్గర నిలబడి చూసుకోండి, షాపు లోపల ట్యూబ్‌లైట్ కింద రంగులు మోసం చేస్తాయి.

నా కవర్ మీద పేరు మాత్రం ఇంకా ఇంగ్లీషులోనే ఉంది, అప్పట్లో తెలుగులో పెడితే వత్తులు విరుగుతున్నాయని మార్చేశా. వచ్చే మంగళవారం హైదరాబాద్ అప్లికేషన్ కోసం రెండో కాపీకి పోతున్నా, ఆ ఒక్క షీటు మార్పిస్తా.